అమ్మకు చెప్పాల్సిన ఓడ

హాలిఫాక్స్,
ఆదివారం.

సుహాసినక్కా,

క్రూయిజ్ ఫొటోలేవని అడిగావు. రూమ్‌లో మేం నలుగురం ఏడాదిగా బయట టీ కూడా మానేసి డబ్బు కూడబెట్టాం. వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగే ఓడ కదా, కెనడా వీసా చాలనుకున్నాం. తీరా బుక్ చేయబోతే మధ్యలో అలాస్కాలో ఆగుతుందట, అమెరికా వీసా కావాలట. ఆ డబ్బు కాలేజీ ఫీజులకే పోయింది.

పెట్టిన సెలవు వృథా చేయడమెందుకని ఇవాళ పులిహోర కలుపుకుని ఇక్కడి ఫెర్రీ ఎక్కాం. మాలో రాత్రంతా వృద్ధుల కేర్‌హోమ్‌లో పనిచేసి వచ్చిన హిమజ, ఫెర్రీ కదలగానే నా భుజం మీద నిద్రపోయింది. అవతలి ఒడ్డున దిగమనడానికి వచ్చినాయన తనను చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. మేం దిగలేదు. చీకటి పడేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం.

కదిలితే తను లేస్తుందని ఫొటోలు తీయలేదు. అమ్మ అడిగితే పెద్ద ఓడేనని చెప్పు.

నీ చెల్లెలు