భోజనశాలలో డోబా బొమ్మ

హెన్యక్కా, ఇక్కడ అందరం కులాసా. నేనే కుళ్లుతో చస్తున్నాను.

మా ఆయన జెలిగ్ పశువుల కొట్టం పని అయ్యాక, ఎవరూ నేర్పకపోయినా, బొమ్మలు వేస్తాడు కదా. ఈసారి లాండ్రీలో పనిచేసే డోబాను కూర్చోబెట్టి వేశాడు. మా కిబ్బుట్జ్‌లో తిండీ బట్టా అన్నీ ఉమ్మడే కదా, ఆ బొమ్మను అందరూ తినే భోజనశాలలో తగిలించారు. మూడు పూటలా ఆ ముఖం చూస్తూ తినాలి. వయసు ఎక్కువగా కనిపిస్తే, మా ఆయనకు చేతకాలేదనుకున్నాను. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్కసారీ వేయలేదు.

నిన్న లాండ్రీకి వెళ్లి అడిగేశాను. "మా ఆయనకు నీలో ఏం కనపడిందే?"

డోబా ఇస్త్రీ ఆపలేదు. "అది నేను కాదు ఫ్రూమక్కా, మా అమ్మ. పోలండ్‌లో ఇంటితోపాటు ఫొటోలూ కాలిపోయాయి. నాది అమ్మ పోలిక. నన్ను చూసి, కాస్త వయసు పెంచి వెయ్యమని నేనే బతిమాలాను."

నా కుళ్లు మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. దానికి అమ్మ దొరికింది. మన దగ్గరా అమ్మ ఫొటో లేదు. నాదేమో నాన్న ముఖం.

బావ దగ్గు తగ్గిందా? మందపాటి ఊలు దొరికితే తీసుకురా, ఉమ్మడి మేజోళ్లలో నా కాలికి సరిపోయేవి నా వంతుకు రావు. శుక్రవారం పొద్దున్న బస్సుకు బయల్దేరు. అమ్మ పోలిక నీకే వచ్చింది, రెండు రోజులు జెలిగ్ ఎదురుగా కూర్చో. నీ మీదా కుళ్లుకుంటాను. అయినా రా.

పిల్లలకు ముద్దులు.
నీ చెల్లి
ఫ్రూమా