సీటు వెనక చెయ్యి

మార్చి 3

మందుల షాపువాడు ఈ డైరీ ఊరికే ఇచ్చాడు. నాకెందుకు అనుకున్నా. నోటితో చెప్పలేనివి ఇందులో పెడదాం.

మా ఆవిడ తుంటి ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉంది. ఎక్స్‌రే చూసి డాక్టరు ఎముక బాగా అతుక్కుంది, ఇక నడవాలి అన్నాడు. ఆవిడ మంచం దిగదు. దింపబోతే నా భుజం రక్కేస్తుంది. పడతాను, పడతాను అంటుంది. ఇలాగే ఉంటే కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు అన్నాడు డాక్టరు, నా వైపు చూసి. నా వైపెందుకు చూశాడో.

మార్చి 5, పొద్దున

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. పెరట్లో కాస్త నడుద్దాం బామ్మగారూ, గాలి తగులుతుంది అంది. నువ్వు నడు తల్లీ, నేను చూస్తా అంది మా ఆవిడ. ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వెళ్తూ నాతో మెల్లిగా చెప్పింది. కాలు బాగానే ఉంది తాతగారూ, బామ్మగారికి దాని మీద నమ్మకమే లేదు అంది.

మార్చి 6

జామచెట్టులో పిగిలిపిట్ట గూడు పెట్టింది. పిల్లలు రెండు. ప్రస్తుతానికి నోళ్లే ఉన్నాయి, పిట్టలు ఇంకా తయారవలేదు. ఆవిడకి కిటికీలోంచి కనబడేలా మంచం జరిపా. నా నడుం పట్టేసింది. చెప్పలేదు.

మార్చి 9

కూతురు ఫోన్ చేసింది. ఎందుకీ తిప్పలు నాన్నా, చక్రాల కుర్చీ ఆర్డర్ పెట్టేస్తా అంది. స్పీకర్‌లో విని ఆవిడ పెట్టెయ్యవే అంది. నేను వద్దన్నా. నేను వద్దనడం వాళ్లకి కొత్త. ఎందుకో అడగలేదు, నేనూ చెప్పలేదు. అందులో కూచుంటే ఆవిడ ఇంక లేవదు. నాకు తెలుసు. పొద్దుట్నుంచీ ఇంట్లో తిరుగుతూనే ఉన్నా.

మార్చి 10

నాకొచ్చిన పని ఒకటే. సైకిల్ షాపు. పంక్చర్లు వేసుకుంటూనే ఈ వీధిలో సగం మందికి సైకిల్ నేర్పా. సీటు వెనక పట్టుకుని పరిగెత్తాలి. పట్టుకున్నా, పట్టుకున్నా, తొక్కు అంటూ ఉండాలి. మధ్యలో చెప్పకుండా వదిలెయ్యాలి. తొక్కేవాడు వెనక్కి తిరిగి చూసుకునేసరికి సైకిల్ వచ్చేసి ఉంటుంది.

రేపు అదే చేస్తా.

మార్చి 11

చేశా.

పెరట్లోకి తీసుకెళ్లా. ముందు వాకర్. నడుముకి ఆ వ్యాయామం అమ్మాయి ఇచ్చిన బెల్టు, వెనక దాన్ని పట్టుకుని నేను. పట్టుకున్నారా అని అడుగుతూనే ఉంది. పట్టుకున్నా అంటూనే ఉన్నా. చక్కగా నడుస్తోంది. వదిలేశా. అయినా నడుస్తోంది! నాకు కళ్లు చెమర్చాయి. నోరు మూసుకోవాల్సింది. పట్టుకున్నా అని ఇంకోసారి అన్నా. గొంతు దూరం నుంచి వినబడిందట. తిరిగి చూసింది. నా రెండు చేతులూ ఖాళీ. ఆవిడ కుళాయి పక్కన కూలబడింది.

దెబ్బ తగల్లేదు. లేపబోతే చెయ్యి విదిలించింది. నేను సైకిల్ని కాదు అంది.

మార్చి 12

మాట్లాడలేదు.

మార్చి 14

ఇంకా లేదు. ఈ ఇంట్లో మాట్లాడనివాణ్ణి నేను. ఇప్పుడు ఇల్లు మొత్తం నాలాగే అయిపోయింది. ఒక చోట కూచోలేకపోతున్నా. వాకర్ బోల్టులు విప్పి మళ్లీ బిగించా. బాగున్నవాటినే. కుర్చీ బుక్ చేసేశానని కూతురు మెసేజ్ పెట్టింది. ఈసారి వద్దనడానికి నాకు ముఖం చెల్లలేదు.

మార్చి 16, సాయంత్రం

పిట్టపిల్లలు గూడు దిగాయి. ఒకటి కింది కొమ్మ మీద, ఒకటి నేల మీద. తల్లి ముక్కున పురుగు కరుచుకుని గోడ మీద కూచుంది. పిలుస్తుంది, దగ్గరికి రాదు. ఇచ్చెయ్యకూడదూ అని నాకు ఒళ్లు మండింది. ఇంతలో ఎక్కణ్ణుంచి దూకిందో పిల్లి, నేల మీద పిల్లని ఎత్తుకుపోయింది. చెప్పు విసిరా. అప్పటికే ఆలస్యమైంది.

కిటికీ వైపు చూశా. ఆవిడ చూస్తోంది.

మార్చి 17, పొద్దున

మాట్లాడింది. పిల్లి వచ్చి పోయాక కూడా ఆ తల్లి రెండోదాన్ని గూట్లోకి తోలలేదు, చూశారా అంది. మళ్లీ గోడ మీదే కూచుని పిలిచింది, ఎదురుగా, దానికి కనబడేలా అంది. ఆ పాటి బుద్ధి మీకు లేకపోయింది, వెనక నిలబడి అబద్ధాలా అంది.

ఆవిణ్ణి గుమ్మం దాకా తెచ్చి, చేతికి వాకర్ ఇచ్చి, నేను వెళ్లి పెరటి గోడ దగ్గర నిలబడ్డా. ఆవిడకి ఎదురుగా. పట్టుకోను, ఇక్కడే ఉంటా, పడవని మాత్రం చెప్పలేను, పడితే లేపుతా, అన్నా.

పెళ్లయినప్పట్నుంచీ ఇంత పొడుగు మాట మీ నోట వినలేదు అంది. పిలిచే తీరు ఇదా, పడితే లేపుతాడట మహానుభావుడు, అని తిట్టుకుంటూనే బయల్దేరింది. తిట్లూ ఆగలేదు, కాళ్లూ ఆగలేదు. మధ్యలో వాకర్ దేనికో తట్టుకుంది. మనిషి ఊగింది. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. అక్కడే ఉండండి అని అరిచింది. ఉన్నా. గోడ పట్టుకుని ఉన్నా. గోరు విరిగింది.

వచ్చింది. నా చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నానట, సరిచేసింది. కాస్త జరగండి, గోడ నాకూ కావాలి అంది.

మార్చి 20

కుర్చీ వచ్చింది. అందులో నేను కూచుని చూశా. మీకు బాగా నప్పింది, ఉంచేసుకోండి అంది.

మార్చి 22, మధ్యాహ్నం

కునుకు తీసి లేచేసరికి మంచం ఖాళీ. పెరట్లో లేదు. వాకర్ లేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది.

చెప్పులు వేసుకున్నా. విడిచేశా. మళ్లీ వేసుకున్నా.

గుమ్మంలో కూచుని రాస్తున్నా. వీధి మలుపు దగ్గర ఇంకా ఎవరూ కనబడట్లేదు.

వెళ్లను. ఆవిడకి కనబడేలా ఇక్కడే ఉంటా.