డ్యూకు భార్య పేరు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. లండన్ ఈస్ట్ హామ్ హాల్లో మీ మిత్రులు సభ పెట్టి, మీరు పూర్తిచేయకుండా వదిలేసిన ఫ్రెంచి డ్యూకు గురించిన ఆ ప్రసంగాన్ని నన్నే చదవమన్నారు. వారం రోజులు కూర్చుని నలభై పేజీలూ వరసగా సర్ది, తప్పులు దిద్దాను. దిద్దేకొద్దీ ఆ డ్యూకంటే అసహ్యం పెరిగింది.

మహావీరుడని రాశారు. పక్క ఊళ్ల పంటలు తగలబెట్టినవాడు వీరుడా? అతని గుర్రానికే మీరు రెండు పేజీలిచ్చారు. ఆయనగారు యుద్ధంలో పట్టుబడి చెరలో కూర్చున్న మూడేళ్లూ కోటను కాచింది, ఉన్న గింజలనే రోజుకింతని పంచి జనాన్ని బతికించింది భార్య. ఆమెకు ఒక్క వాక్యం. విడుదలై వచ్చి ఆయన చేసిన ఘనకార్యం, కోట గుమ్మం మీద తన బొమ్మ చెక్కించుకోవడం.

సభలో ఇదే చెప్పాను. మీ పెద్ద మిత్రుడు, క్రోయిడన్‌లో ఉండే అంకుల్ నవ్వారు.

"ఏంటమ్మా, సంవత్సరీకం రోజు కూడా మావాణ్ణి వదలవా?"

"ఆయన్ని కాదంకుల్, ఆ డ్యూకుని."

ముందు వరసలోని స్టూడెంటు అమ్మాయి చెయ్యెత్తింది. "మరి ఆ డ్యూకు భార్య, ఆ డచెస్ పేరేంటాంటీ?"

పేజీలన్నీ తిరగేశాను. గుర్రం పేరుంది, ఆమె పేరు లేదు. మీ తరఫున సిగ్గుపడ్డాను.

ఇంటికొచ్చి మీ పుస్తకాలన్నీ వెతికాను. ఒకదానిలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆమె పేరు దొరికింది. మీ వాక్యం పక్కన, మీ పెన్నుతోనే రాశాను. మీరుంటే తప్పకుండా వాదనకు దిగేవారు. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.