రాగిపిండి డబ్బాలో కథల పుస్తకం

రేఖా, లేవగానే ముందు ఈ చీటీ చదువమ్మా. నేను టమోటాలతో మదనపల్లె మార్కెట్టుకు పోతున్నాను. సంగటి మూసిపెట్టాను, తిను. సాయంత్రం పాలు పితికేటప్పుడు ఆవు చేపి పొదుగులోకి పాలు దిగగానే దూడను కట్టెయ్యి. నిన్న నువ్వు కథల పుస్తకంలో మునిగిపోతే అది పాలన్నీ తాగేసింది. "ఇంగ కథలు సదివింది సాలు" అని మీ నాయన పుస్తకం దాచేశాడు. "తాగింది మన దూడే కదప్పా, బిడ్డ మీద యాల కోపం?" అన్నా వినలేదు. దాచింది రాగిపిండి డబ్బాలో! పొద్దున సంగటి కెలికేది ఎవరనుకున్నాడో. దులిపి నీ దిండు కింద పెట్టాను. వాడికి నేను చెప్పుకుంటాను, నువ్వు భయపడకుండా చదువుకో.

అన్నట్టు, నీ కథలో తప్పిపోయిన ఆ నక్కపిల్ల ఇల్లు చేరిందా? నేను కూడబలుక్కుని చదివేసరికి పొద్దుగూకుతుంది. చివరిదాకా బాగా గుర్తుపెట్టుకో, రాగానే నాకు చెప్పాల.

అవ్వ