గంటసేపు మాట్లాడని ఇద్దరు

ఔలు, నవంబరు 9

ఔలిస్ పెదనాన్నకు,

మూడు శనివారాలుగా మీరు నాన్నకు ఫోన్ చేయడం లేదు, నేను చేస్తే ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. ఆ చివరి శనివారం మధ్యలో ఫోన్ పెట్టేసింది నాన్న కాదు, నేను రాసిన నియమం.

ఇప్పుడు ఫోన్ టవర్లు సొంతంగా ఏదీ తేల్చుకోవు. అన్నిటికీ ఆజ్ఞలిచ్చేది మా ఆఫీసులోని ఒక్క ప్రోగ్రామే. నెట్‌వర్క్‌ను దెబ్బతీయాలనుకునేవాళ్ళు వేల లైన్లు తెరిచి, మాట్లాడకుండా పట్టుకుని కూర్చుంటారు, ఇతరులకు చోటు లేకుండా. కాబట్టి ఇరవై నిమిషాలు మాట వినపడకపోతే లైను తెంపేయమని దానికి చెప్పాను. శనివారం సౌనాలో ఆవిరి స్నానం తర్వాత మీరిద్దరూ ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంటారన్నది నాకు తట్టలేదు.

"ఒక్క మాటైనా అనొచ్చుగా నాన్నా" అన్నాను.

"ఏమనాలిరా? అన్నయ్య అక్కడున్నాడు, నేనిక్కడున్నాను. ఇద్దరికీ తెలిసిందేగా."

"పోనీ, నువ్వే చెయ్యి."

"ఎవరు తెంపినా పెద్దవాడు తను. తనే చెయ్యాలి."

నియమం మార్చాను. సరిగ్గా పనిచేస్తోందో లేదో తేలాలంటే, గంటసేపు నోరు విప్పకుండా లైనులో ఉండే ఇద్దరు కావాలి. ఆఫీసులో మేం ప్రయత్నించాం. పన్నెండో నిమిషంలో ఎవరో మంచు సంగతి ఎత్తారు.

శనివారం ఆరింటికి నాన్న ఫోన్ దగ్గరే ఉంటాడు.

మీ తమ్ముడి కొడుకు