సుజాత కారుకు ఆయిల్ మార్చాను

ఆదివారం రాత్రి

మా అమ్మాయి సుజాత కొత్త కారుకు ఇంజన్ ఆయిల్ నా చేత్తో నేనే మార్చాను! జీపంత ఎత్తుంది కాబట్టి జాకీ లేకుండానే కిందికి దూరాను. నా పాత స్కూటరే ఇంతకన్నా సతాయించేది.

"ఖరాబు చేస్తే మళ్ళీ ముట్టనియ్య బాపూ" అని పొద్దున బెదిరించిన పిల్ల, ఫలక్‌నుమా స్టేషన్ దాకా నడిపి చూసి తాళం నా చేతిలో పెట్టింది. "ఇగ మెకానిక్ ఫికర్ లేదు. నువ్వే చూస్కో."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఒక్కటే దిగులు. పాత ఆయిల్ పట్టింది మా ఆవిడ మామిడికాయ పచ్చడి కలిపే బేసిన్‌లో. సబ్బుతో మూడుసార్లు తోమినా వాసన పోలేదు. రేపే పచ్చడి పెడతానంటోంది...

ఈ శుభవార్త చెప్పాల్సినవాళ్ళు: తమ్ముడు, కిషన్‌బాగ్ చెల్లె, పెద్ద బావ, వియ్యంకుడు. మా ఆవిడకు మాత్రం, బేగంబజార్‌లో కొత్త బేసిన్ కొన్నాక.