వెండిరంగు డిస్కు

12 జనవరి 2025

నా రాత బాగుండదు. తప్పులుంటాయి. ఏడో తరగతిలో బడి మానిపించారు. ఆ తర్వాత సరుకుల చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఎవరి కంటైనా పడితే క్షమించండి.

ఈ నోట్‌బుక్ ఆయన ఇచ్చారు, డిస్కుల టెస్టు రాయమని. వెనక పేజీల్లో నా మాటలు రాసుకుంటున్నాను.

మా ఆయన అంతోని పెళ్లి వీడియోలు తీస్తారు. గుణదలలో మా ముందుగదే స్టూడియో. వచ్చే నెల ఇక్కడి కొండ మీద చర్చి తిరునాళ్లు షూట్ చెయ్యాలి, పాత హార్డ్ డిస్కులన్నీ నిండిపోయాయి. గవర్నర్‌పేటలో ఒక కొట్టు నుంచి మూడు పోర్టబుల్ ఎస్ఎస్‌డిలు, అరచేతిలో పట్టే కొత్తరకం డిస్కులు, తెచ్చారు. నచ్చింది ఉంచుకుని మిగతా రెండూ తిరిగి ఇచ్చెయ్యొచ్చట. కృపా, నాకు టైం లేదు, ఒకే పెళ్లిని మూడింట్లోకీ కాపీ చెయ్యి, ఎంతసేపు పట్టిందో రాయి, వీడియో తెరుచుకుంటుందో లేదో చూడు, అంతే, నీకేం కష్టం అన్నారు.

13 జనవరి, మధ్యాహ్నం

యేసుకుమార్ పెళ్లి తీసుకున్నాను. పోయినేడు మే నెలది, అరవై జీబీ. పెళ్లయిన నలభై రోజులకి బందరు రోడ్డు మీద బండి జారి అతను చనిపోయాడు. ఆల్బంకి ఫోటోలు ఏరడానికి కూడా ఎవరూ రాలేదు. ఎడిట్ చెయ్యకుండా అలాగే ఉండిపోయింది.

పాత డిస్కులోంచి కంప్యూటర్లోకి, అక్కడి నుంచి మూడింట్లోకీ వేశాను.

నీలం, ఒక టీబీ, అంటే వెయ్యి జీబీ. మూడు నిమిషాలు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే వేగం.

ఎరుపు, ఒక టీబీ. మొదట నీలం కన్నా పరుగు. నలభై జీబీ దాటాక చతికిలబడింది. తొమ్మిది నిమిషాలు.

వెండిరంగు, రెండు టీబీ. అరగంట. ధర నీలంలో సగం.

మూడింట్లోనూ వీడియో తెరుచుకుంది. అవే పది నిమిషాలు మూడుసార్లు చూశాను. చర్చి మెట్ల మీద యేసుకుమార్ కొత్త చేతిరుమాలుతో వాళ్లమ్మ మొహం మీద చెమట తుడుస్తాడు. ఉంగరం వేలికి ఎక్కదు. అందరూ నవ్వుతారు. అతను వేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకుంటాడు. అంతే.

16 జనవరి

వెండిరంగుది ఉంచుకుందాం అన్నాను. వేగంతో పనేముందండీ, దాచుకోవడానికే కదా, సగం ధరకి రెండింతలు పడుతుంది అన్నాను. పెళ్లయిన మూడేళ్లలో ఆయనకి నేను చెప్పిన మొదటి సలహా. మా ఇంట్లో ఇంజనీరమ్మ ఉందని ఇన్నాళ్లూ తెలీలేదే అని నవ్వారు. ఈరోజు కూరలో ఉప్పు మర్చిపోయాను. దానికీ నవ్వారు.

2 ఫిబ్రవరి

టెస్టుకి వేసింది చెరిపేసి, మొత్తం పెళ్లిళ్లన్నీ పెళ్లికొడుకుల పేర్ల వరసన వెండి డిస్కులోకి ఎక్కించాను. రెండు రోజులు పట్టింది. పేర్లన్నీ కనిపించాయి, టిక్కులు పెట్టాను. నీలం, ఎరుపు ఖాళీ చేసి తిరిగి ఇచ్చేశాం. కంప్యూటర్ ఖాళీ చేశాను. పాత డిస్కులు ఫార్మాట్ చేసి తిరునాళ్లకి సిద్ధంగా పెట్టాను.

10 ఫిబ్రవరి

ఆయన కొండ మీదే ఉన్నారు. డిస్కులు నిండుతున్నాయి.

22 ఏప్రిల్

శౌరమ్మగారు వచ్చారు. యేసుకుమార్ వాళ్లమ్మ. గుమ్మంలోనే కూర్చున్నారు. జూలైకి కొడుకు పోయి ఏడాది, చర్చిలో పూజట. ఆ రోజు ఇంట్లో టీవీలో పెళ్లి వీడియో పెట్టాలట. కోడలు పుట్టింటికి వెళ్లి నంబరు మార్చేసిందమ్మాయ్, వాడి పాత ఫోటోలు ఉన్నాయిలే, ఫోటోలు నేనేం చేసుకోను, వాడు కదలాలి నాకు అన్నారు. చూసే ధైర్యం ఇన్నాళ్లకి వచ్చిందట.

రేపు తీసి ఇస్తానండీ అన్నాను.

22 ఏప్రిల్, సాయంత్రం

పేరు ఉంది. సైజు ఉంది. తేదీ ఉంది. నొక్కితే నలుపు.

మొదటి రెండు పెళ్లిళ్లే తెరుచుకుంటున్నాయి. యేసుకుమార్ పేరు ఇంగ్లీషులో Yతో మొదలు. అన్నిటికన్నా చివర.

25 ఏప్రిల్

పటమటలో పోయిన ఫైళ్లు తీసే అతని దగ్గరికి ఇద్దరం వెళ్లాం. డిస్కు విప్పి చూపించాడు. లోపల ఉన్నది నూటపాతిక జీబీ. రెండు టీబీ అని అబద్ధం చూపించేలా చేశారట. నిండాక ఏం వేసినా రాశానని చెబుతుందట, రాయదట. చెరిగిపోయింది అయితే నానా తంటాలూ పడి తీస్తాను గానీ తల్లీ, అసలు రాయనిది ఎక్కణ్ణుంచి తియ్యను అన్నాడు. పాత డిస్కులూ చూశాడు. వాటి నిండా తిరునాళ్లే.

సోలెడు బియ్యం పోసి చూసి, బస్తా పడుతుందని చెప్పాను. జనవరిలో ఆ పెళ్లి ఐదు చోట్ల ఉంది. ఐదూ నా చేతులతోనే చెరిపాను.

26 ఏప్రిల్

 ఆయన నన్ను ఇంజనీరమ్మ అనడం మానేశారు.

4 మే, ఆదివారం

చర్చి అయ్యాక ఆయనే చెప్పారు. డిస్కు పాడైందండీ, తప్పు నాదే అన్నారు. నా పేరు ఎత్తలేదు. శౌరమ్మగారు ఏడవలేదు, తిట్టలేదు.  తర్వాత నా చెయ్యి పట్టుకుని, పోనీ నువ్వు చూశావా అమ్మాయ్ అని అడిగారు.

చూశానండీ అన్నాను. చేతిరుమాలు సంగతి, ఉంగరం సంగతి చెప్పాను. బాగా మెక్కాడు వెధవ, వేళ్లు లావెక్కాయి అని నవ్వారు. ఇంకా ఏముంది అన్నారు.

11 మే

మళ్లీ వచ్చారు. ఇంకా చెప్పమన్నారు. దండ వేసేటప్పుడు మీ వైపు చూశాడండీ అన్నాను. అది నేను చూడలేదు.

1 జూన్

ప్రతి ఆదివారం వస్తున్నారు. భోజనాల దగ్గర మొదటి ముద్ద మీకే పెట్టాడని చెప్పాను. అవునా, నాకు గుర్తే లేదు అన్నారు. మరుసటి వారం ఆమే ఆ ముద్ద సంగతి ఎవరికో చెబుతుంటే విన్నాను.

నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను.

8 జూలై

ఏడాది పూజ అయింది. శౌరమ్మగారింట్లో టీవీ పక్కకి జరిపి, ఆ చోట స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. నలభై మంది ఉన్నారు. మొదలుపెట్టమ్మాయ్ అన్నారు. గంటన్నర చెప్పాను.

నేను చూసింది పది నిమిషాలే.

ఏది చూశానో, ఏది చూడలేదో ఈ నోట్‌బుక్‌లో ఉంది. దొరికినవాళ్లు ఆమెకి చదివి వినిపించకండి. కాల్చెయ్యండి.